తప్పిపోయినవాళ్ళు తిరిగొస్తే సంఘం ఏం చెయ్యాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచే. ఊళ్ళు వేరైనా అడిగింది ఇంచుమించు ఒకటే. ఎదుటివాడి తప్పు కళ్ళకు కనిపిస్తుంటే కృప చూపించడమంటే ఏమిటి, చూసీ చూడనట్టు ఊరుకోవడమా? పేర్లు తీసేశాం, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. వచనాలు అందరి ఇళ్ళలో ఉండే పాత తెలుగు బైబిలులోవే.

ప్రశ్న: అయ్యా, వందనాలు. గుణుపురం దగ్గర డెబ్భై కుటుంబాల సంఘం మాది. నేను పెద్దల్లో ఒకణ్ణి. మా కుర్రాడొకడు సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళి మూడేళ్ళకు తిరిగొచ్చాడు. అక్కడ తాగుడు అలవాటైందనీ, పెళ్ళి కాకుండా ఒకమ్మాయితో ఉన్నాడనీ ఊళ్ళో మాట. ఇప్పుడు ప్రతి ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం) వేళకు లేచి వెళ్ళిపోతున్నాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటేనే బల్ల ఇద్దామని పెద్దల్లో సగంమంది అంటున్నారు. ‘తీర్పు తీర్చకుడి అని ప్రభువే అన్నాడు, వదిలేద్దాం’ అని మిగతావాళ్ళు. ఎవరి మాట సరి?
– ఒక సంఘపెద్ద

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. ఆ కుర్రాడితో ఎవరైనా మాట్లాడారన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. ముందు అది జరగాలి. అంతవరకు రెండు పక్షాలూ ఖాళీ కుర్చీ మీద తీర్పు చెబుతున్నట్టే.

‘వదిలేద్దాం’ అనేవాళ్ళు మత్తయి 7వ అధ్యాయంలో 1వ వచనం దగ్గర ఆగిపోయారు. 5వ వచనం దాకా చదవండి. మన కంట్లో దూలం తీసుకున్నాక సహోదరుని కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుందని అక్కడుంది. అంటే నలుసు తీసే పని ఉంది, తీసేవాడి కన్నే ముందు బాగుపడాలి. యోహాను 7:24లో వెలిచూపును బట్టి తీర్పు తీర్చవద్దన్న ప్రభువే న్యాయమైన తీర్పు తీర్చమన్నాడు. ఇక బహిరంగంగా ఒప్పుకోవాలనేవాళ్ళు మత్తయి 18:15 నుంచి మొదలుపెట్టకుండా నేరుగా సంఘానికి తెలియజేయమనే 17వ వచనానికి దూకారు. అక్కడి మొదటి మెట్టు, ‘నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు.’

వచ్చే పెద్దల కూటానికి ముందు ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒక పక్క తెలిసింది, రెండో పక్క విన్నది రాయండి. కుర్రాడు ఆరాధనకు వస్తున్నాడు, బల్ల ముందు వెళ్ళిపోతున్నాడు, ఇవి తెలిసినవి. తాగుడు ఎవరైనా కళ్ళారా చూస్తే అదీ ఆ పక్కనే రాయండి. అమ్మాయి సంగతి సూరత్ నుంచి ఎవరో ఫోన్లో చెప్పింది, అది రెండో పక్కకు వెళ్ళాలి. చాలా సంఘాల్లో ఈ కాగితం రాసేసరికే సగం వేడి దిగిపోతుంది. సంగతి వినకముందే జవాబిచ్చేవాడికి చివరికి సిగ్గే మిగులుతుందని సామెతలు 18:13 చెబుతుంది.

తర్వాత ఒక్కరే వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలన్నది జాగ్రత్తగా ఎంచండి. అందరిలోకీ కఠినంగా ఉండే పెద్ద వద్దు. ఆ ఇంటికి అప్పిచ్చినవాళ్ళు వద్దు, మేనమామ వరసవాళ్ళూ వద్దు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో పాఠం చెప్పినాయన ఉంటే ఆయన్ని పంపండి. ఇంట్లో కూర్చుంటే తల్లి ఏడుపు మొదలవుతుంది, మాట సాగదు. గుడి పక్క గదిలో బల్లకు అటూ ఇటూ కూర్చుంటే విచారణలా ఉంటుంది. ఊరి బయట దారిలో నడుస్తూ మాట్లాడడం మేలు, పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. తాగేవాడని అనుమానముంటే సాయంత్రం వెళ్ళకండి, పొద్దున్నే వెళ్ళండి.

మొదటి మాట ఇలా ఉండొచ్చు: “నువ్వు వస్తున్నావు, సంతోషంగా ఉందిరా. బల్ల దగ్గర లేచి వెళ్ళిపోవడం చూశాను. చెప్పుకోవాలనిపిస్తే వింటాను.” అక్కడితో ఆపి ఊరుకోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని భరించలేకే చాలామంది పెద్దలు ప్రసంగంలోకి దిగుతారు. ‘అందరూ అనుకుంటున్నారు’, ‘మీ నాన్న పరువు’, ‘నీ వయసులో నేను’, ఈ మూడూ నోట్లోంచి రాకూడదు. మొదటిసారి అతను ఏమీ చెప్పకపోవచ్చు. వాతావరణం గురించో కూలి రేట్ల గురించో మాట్లాడి వచ్చేసినా ఆ రోజు వృథా కాలేదు. వచ్చే వారం మళ్ళీ వెళ్ళొచ్చు. పెద్దలకు ‘కలిశాను, మాట్లాడుతున్నాం’ అని చెబితే చాలు, లోపలి సంగతి చెప్పనక్కర్లేదు.

ఒప్పుకుంటే తర్వాతేమిటి? తప్పు ఎంతమందికి తెలిసి, ఎంతమందికి గాయమైందో ఒప్పుకోలూ అంతమంది ముందే. పాస్టరుగారి దగ్గర, ఒక పెద్ద దగ్గర చెప్పుకుంటే సరిపోయేదాన్ని రెండు వందలమంది ముందు చెప్పిస్తే జరిగేది ఇదీ: వినేవాళ్ళకు అది వినోదమవుతుంది, కుర్రాడు మళ్ళీ గుడి గడప తొక్కడు, బెంచీల్లో కూర్చున్న మిగతా యవ్వనస్థులు తమ తప్పులు ఎలా దాచాలో నేర్చుకుంటారు. పైగా అక్కడ లేని ఆ అమ్మాయి పరువు కూడా మైకులో పోతుంది.

అమ్మాయి అంటే గుర్తొచ్చింది, మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు. వాళ్ళిద్దరూ నిజంగానే కలిసి ఉంటే, ఆమె ఇప్పుడెక్కడుంది? పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడా? బిడ్డ ఉందా? ఇవి అడగాలి, అడిగేది ఆ ఒక్కరే. ఇతనికి కృప చూపించాం, ఆమెను నడిరోడ్డు మీద వదిలేశాం అంటే కుదరదు. మాటిచ్చి ఉంటే దాని బాధ్యత ఏమిటో తేల్చుకోవడం పశ్చాత్తాపంలో భాగమే.

మాట్లాడినా తోసిపుచ్చి, తప్పు తెలిసీ కొనసాగిస్తుంటేనే ఇద్దరు ముగ్గురితో వెళ్ళే రెండో మెట్టు. మెట్టుకూ మెట్టుకూ మధ్య కొన్ని వారాలైనా ఉండాలి. 1 కొరింథీయులు 5వ అధ్యాయం చూపించి వెలివెయ్యమనేవాళ్ళుంటారు. అక్కడి తప్పు బహిరంగం, చేసినవాడు మానలేదు, సంఘం పైగా ఉప్పొంగిపోతోంది. మీ కుర్రాడు వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో శిక్షపడిన ఒక మనిషి గురించి ఆ శిక్ష చాలునని, ఇక క్షమించి ఆదరించమని, లేకపోతే ‘అత్యధికమైన దుఃఖములో మునిగిపోవును’ అని అదే పౌలు రాశాడు (2:6-7). మొదటి పత్రికలోని మనిషీ ఇతనూ ఒకరేనా అన్నదాని మీద పండితుల్లో వాదం ఉంది. ఎవరైనా సరే, శిక్షకు ఒక చివర ఉండాలన్నది మాత్రం స్పష్టం.

బల్ల విషయంలో మీ సంఘ నియమావళి ఏం చెబితే అది. లూథరన్ ఆరాధన క్రమంలో బల్లకు ముందు అందరూ కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతారు, పెద్దలతో సహా. బాప్టిస్టు సంఘాల్లో ఇలాంటివి సంఘ కూటం తేలుస్తుంది. ఎక్కడైనా 1 కొరింథీయులు 11:28 తనను తాను పరీక్షించుకొమ్మంటుంది. ఆ కుర్రాడు ప్రతి ఆదివారం లేచి వెళ్ళిపోతున్నది బహుశా ఆ పరీక్ష చేసుకునే. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎంతమంది చేసుకుంటున్నారో దేవుడికే తెలియాలి.

తాగుడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మంచి మనసుతోనే ప్రాణం మీదికి తెస్తారు. రోజూ బాగా తాగే మనిషిని ఉపవాస ప్రార్థనలో చెయ్యెత్తించి ‘ఇవాళ్టి నుంచి చుక్క ముట్టను’ అనిపించి ఇంటికి పంపుతారు. హఠాత్తుగా మానేస్తే కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య పలవరింత, లేని మనుషులు కనిపించడం, జ్వరం రావొచ్చు. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందనుకుని మళ్ళీ ప్రార్థనకే తీసుకొస్తారు. వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు కూడా. ప్రార్థన చేయండి, అదే రోజు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. మానిపించే మందులు, బి1 విటమిను డాక్టరు పర్యవేక్షణలో పడాలి. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, రెండూ ప్రభుత్వ ఫోన్ నంబర్లు. మానేసినవాడు మళ్ళీ ఒకసారి తాగడం చాలా మామూలు, అప్పుడు ‘చూశారా, నటించాడు’ అనే పెద్దలు దయచేసి ఆ ఇంటికి వెళ్ళకుండా ఉంటే మేలు.

చివరగా, పని ఇవ్వండి. బెంచీలు సర్దడం, సౌండు పెట్టె మోయడం లాంటివి వెంటనే ఇవ్వొచ్చు. పాటలు నడిపించడం, యవ్వనస్థుల నాయకత్వం కొంతకాలం ఆగాలి. కానుకల పెట్టె పని మొదట్లో వద్దు. అది అపనమ్మకం కాదు, తాగుడు మానుతున్న మనిషి చేతికి నగదు ఇవ్వడం అతనికే శోధన.

ప్రశ్న: రాయగడలో మా స్త్రీల సమాజానికి వాట్సాప్ గ్రూపు ఉంది. ఒక సహోదరి, ‘ఫలానా ఆవిడ కూతురు ఇల్లు విడిచి వెళ్ళిపోయింది, భారంగా ప్రార్థించండి’ అని పెట్టింది. రాత్రికల్లా ఊరంతా పాకిపోయింది. ఆ తల్లి గుడికి రావడం మానేసింది. పెట్టినావిడ ‘ప్రార్థన కోసమే కదా’ అంటోంది. కార్యదర్శిగా నేనేం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ మెసేజ్ తీసేయండి. గ్రూపు అడ్మిన్‌కు ఎవరు పెట్టినదైనా అందరికీ కనిపించకుండా తీసేసే వీలుంది. ఫార్వర్డ్ అయినవాటిని, స్క్రీన్‌షాట్లను ఏమీ చెయ్యలేం గానీ మీ గోడ మీద అది ఉండకూడదు.

తర్వాత ఆ తల్లి ఇంటికి ఇద్దరే వెళ్ళండి, మీరూ పెట్టినావిడా. పళ్ళ సంచులతో పదిమంది దిగితే మళ్ళీ వీధంతా చూస్తుంది. పెట్టినావిడ చెప్పాల్సింది ఒక్క వాక్యం: “నేను పెట్టకూడదు వదినా, తప్పు నాదే.” దాని వెనక ‘ప్రార్థన కోసమే పెట్టాను గానీ’ అని తగిలిస్తే ఆ వాక్యం చచ్చిపోతుంది. కూతురు ఎక్కడుంది, ఎవరితో వెళ్ళింది అని అడగొద్దు. ఆవిడ తిట్టినా వినండి. వచ్చాక గ్రూపులో, సంగతి మళ్ళీ ఎత్తకుండా, ‘అనుమతి లేకుండా ఒక కుటుంబం సంగతి పెట్టినందుకు క్షమించండి’ అని ఆవిడ చేతే పెట్టించండి.

ఇకమీదట ప్రార్థన మనవి పెట్టేముందు ఆ ఇంటివాళ్ళను అడగాలి. వాళ్ళు సరేనన్నా పేరు అక్కర్లేదు. పేరు తీసేసినంత మాత్రాన దాగదు కూడా. ‘రైల్వే కాలనీలో టీచరుగా చేస్తున్న సహోదరి ఇంట్లో కష్టం’ అంటే మీ సంఘంలో తెలియనిదెవరికి? ‘ఒక కుటుంబం సమాధానం కోసం ప్రార్థించండి’ అంటే చాలు, దేవుడికి చిరునామా చెప్పాల్సిన పని లేదు. జబ్బు, ఆపరేషన్, రక్తం కావాలి లాంటివైతే ఆసుపత్రి పేరు, రక్తం గ్రూపు రాయక తప్పదు, అవి రాయండి. పెళ్ళిళ్ళు, విడాకులు, పిల్లలు ఇల్లు విడిచిపోవడం, అప్పులు, ఇవి మాత్రం ఏ రూపంలోనూ గ్రూపుకెక్కకూడదని నియమం పెట్టుకోండి. వాయిస్ మెసేజ్‌లు మరీ ప్రమాదం, కన్నీళ్ళతో చెబుతూ చెబుతూ అనుకోని వివరాలు దొర్లిపోతాయి. నమ్మకమైనవాడు సంగతి దాస్తాడని సామెతలు 11:13. ఆ వచనాన్నే గ్రూపు వివరణలో పెట్టుకున్నా బాగుంటుంది.

ఒక్క మినహాయింపు. వెళ్ళిపోయిన అమ్మాయికి 18 ఏళ్ళు నిండకపోతే అది ప్రార్థన మనవితో ఆగే విషయం కాదు, పోలీసులకు చెప్పాలి. 112 లేదా పిల్లల సహాయానికి 1098.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి ఇష్టపడి చేసుకున్న కోడలు హిందువుల పిల్ల. తనంతట తనే గుడికి వస్తోంది, ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. బొట్టు పెట్టుకుంటుంది, పూలు పెట్టుకుంటుంది. పుట్టింటివాళ్ళు మజ్జిగౌరమ్మ భక్తులు, పండక్కి వెళ్తే ప్రసాదం తింటుంది. మా ఆడవాళ్ళు నా మొహం మీదే ‘కోడల్ని దిద్దుకోలేదా’ అంటున్నారు. పిల్ల మంచిది. నేనేం చెయ్యను?

జవాబు: అమ్మా, ‘పిల్ల మంచిది’ అని రాశారు చూడండి, ఆ మాట ఆ పిల్లకు ఎప్పుడైనా చెప్పారా? ముందు అది చెప్పండి.

బొట్టు పెట్టుకోకూడదని గానీ పూలు తురుముకోకూడదని గానీ బైబిలులో వచనం లేదు. ఒకప్పుడు మిషన్ సంఘాల్లో పాత పూజల గుర్తుగా భావించి మానేశారు, అది అలవాటుగా స్థిరపడింది. అలవాటుకు గౌరవం ఇవ్వొచ్చు, దాన్ని రక్షణకు కొలబద్ద చెయ్యకూడదు. స్త్రీల అలంకారం గురించి వచనం వెతుకుతారా, 1 పేతురు 3:3 ఉంది, అందులో ఉన్నది జడలు, బంగారు నగలు. మీ కోడలి పూలను తప్పుపట్టే అక్కల మెళ్ళో ఎన్ని తులాలున్నాయో లెక్కపెట్టమని మేం అనడం లేదు.

ప్రసాదం సంగతి అంత తేలిక కాదు, సంఘాలన్నీ ఒకేలా చూడవు. విగ్రహాలకు అర్పించినవి తినవద్దని అపొస్తలుల కార్యములు 15:29లో ఉంది. 1 కొరింథీయులు 10:27-28లో పౌలు, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏమీ విచారించకుండా తినమన్నాడు, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దన్నాడు. మా అభిప్రాయం, విశ్వాసంలో స్థిరపడ్డాక ఆ పిల్లే మానుకుంటుంది, మానుకోవాలి కూడా. కానీ ఇంకా బాప్తిస్మం తీసుకోని పిల్లకు అది ప్రవేశ పరీక్షగా పెట్టకూడదు. రోమీయులు 14:1 మొదలయ్యేదే విశ్వాసం విషయమై బలహీనుణ్ణి చేర్చుకొమ్మని, అతని సంశయాలను తీర్చడానికి వాదాలు పెట్టుకోవద్దని.

తనే మానాలనుకున్న రోజున ఒక చిన్న విషయం చెప్పండి. పండగ రోజు, చుట్టాలందరి ముందు, తల్లి చేత్తో పెడుతుంటే వద్దనకూడదు. అది ఆ తల్లికి చెంపదెబ్బ. నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి, “అమ్మా, పండక్కి వస్తాను, వంటలో సాయం చేస్తాను, భోజనం తింటాను. ప్రసాదం ఒక్కటి పెట్టొద్దు, ఏమీ అనుకోకు” అని చెప్పాలి. ఈ మాట కోడలు చెప్పాలి. అత్తగారు వియ్యపురాలికి ఫోన్ చేసి చెబితే రెండిళ్ళ మధ్య గొడవ ఖాయం.

గుడిలో ఆడవాళ్ళకు మీరు ఇవ్వాల్సిన జవాబు పొడుగుగా అక్కర్లేదు. “మా పిల్ల వాక్యం వింటోంది. మీరూ మా ఇంటికి రండి, కలిసి భోంచేద్దాం” అనండి. అలా పిలిచాక నోరు మూసుకోనివాళ్ళు తక్కువ. ఇంకొకటి, కోడలి పక్కన ఎప్పుడూ మీరే కూర్చోండి. కొత్తగా వచ్చినవాళ్ళు పాటల పుస్తకంలో పేజీ దొరక్క, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక పడే ఇబ్బందే వాళ్ళను ఎక్కువగా దూరం చేస్తుంది.

ప్రశ్న: పేరు రాయలేను. మాది జయపురం. మా ఆయన సంఘంలో పాటలు నడిపిస్తారు, ఇంట్లో కొడతారు. చెయ్యి విరిగింది కూడా. పాస్టరుగారికి చెబితే ఇద్దరినీ కూర్చోబెట్టి, ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’, అంటే లెక్కపెట్టకుండా ఎన్నిసార్లయినా, క్షమించాలమ్మా అన్నారు. ఆ రాత్రి ఇంకా కొట్టారు. క్షమించకపోతే నాది పాపమా?

జవాబు: కాదమ్మా, కానే కాదు. మత్తయి 18:22 క్షమాపణ గురించి చెప్పింది, దెబ్బలకు అందేంత దూరంలో ఉండమని చెప్పలేదు. అదే అధ్యాయంలో కొంచెం ముందు, తప్పిదం చేసినవాణ్ణి గద్దించమనీ, వినకపోతే సంఘానికి తెలియజేయమనీ ఉంది. మీకు చెప్పినవాళ్ళు ఆ భాగం వదిలేశారు. మీరు సురక్షితంగా ఉన్న చోటి నుంచి కూడా క్షమించవచ్చు, ఎప్పుడన్నది మీకూ దేవుడికీ మధ్య సంగతి.

ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రాజీ చెయ్యడం కొట్టే ఇళ్ళలో పనికిరాదు. భార్య నిజం చెబితే ఇంటికెళ్ళాక దానికి వడ్డీ చెల్లించాలి. చెప్పకపోతే పాస్టరుగారు సమస్య చిన్నదనుకుంటారు. మీకు జరిగింది మొదటిది.

చెయ్యాల్సినవి: మహిళల సహాయానికి 181కి ఫోన్ చేయండి, ప్రాణభయం ఉంటే 112. విరిగిన చేతికి చేసిన వైద్యం కాగితాలు, ఎక్స్‌రే, గాయాల ఫోటోలు మీ ఫోన్లోనే కాకుండా నమ్మకమైన మనిషి దగ్గర కూడా ఉంచండి. గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2005 కింద రక్షణ అధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. కలిసి కాపురం ఉంటున్న ఇంట్లో, అది ఎవరి పేరున ఉన్నా, నివసించే హక్కు ఆ చట్టం ఇస్తుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవల సంస్థలో అడగండి. ఆధార్, పిల్లల కాగితాలు, కొంత డబ్బు ఒక సంచిలో సర్ది బయట ఎవరింట్లోనైనా ఉంచండి. వెళ్ళిపోతానని మాత్రం ముందుగా ఆయనతో అనకండి. ఇలాంటి ఇళ్ళలో ఎక్కువ ప్రమాదం విడిపోయే సమయంలోనే.

ఇది చదివే పాస్టరుగార్లకు: కొట్టే మనిషిని పాటల వేదిక మీద నుంచి దించండి. అతనికి కృప చూపాలంటే విడిగా, ఇంకొకరి ద్వారా, ఏళ్ళ తరబడి చూపండి. భార్యను అప్పగించడం మీద అది ఆధారపడకూడదు. ఇక పిల్లల మీద లైంగిక అఘాయిత్యం అయితే రాజీకీ పెద్దల కూటానికీ తావే లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ‘సంఘం పరువు’ అక్కడ సాకు కాదు.

ప్రశ్న: పెద్ద పండుగలకు కొండ ఊళ్ళ నుంచి సవర, కువి భాషలు మాట్లాడే విశ్వాసులు మా పట్నం గుడికి వస్తారు. మావాళ్ళు వాళ్ళను చాపల మీద వెనక కూర్చోబెడతారు. ఇది తప్పని చెబితే ‘వాళ్ళకు అక్కడే హాయి’ అంటారు. (గుణుపురం నుంచి ఒక యువకుడు)

జవాబు: యాకోబు 2:1-4 ఒక ఆదివారం బిగ్గరగా చదివించండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి పాదపీఠం కింద చోటు ఇచ్చిన సంఘం కథ అది, వ్యాఖ్యానం అక్కర్లేదు. వాదన కంటే ఏర్పాటు మారిస్తే త్వరగా పనవుతుంది. ముందు రెండు బెంచీలు వచ్చినవాళ్ళకని ముందుగానే ఆపి ఉంచండి, లోపలికి తీసుకెళ్ళడానికి గుమ్మం దగ్గర ఇద్దరిని పెట్టండి. ఒక పాట, ఒక వాక్య పఠనం సవరలోనో ఒడియాలోనో వాళ్ళ చేతే చేయించండి. భోజనాల దగ్గర పట్నంవాళ్ళకు ముందు పంక్తి, కొండవాళ్ళకు తర్వాత పంక్తి అన్న అలవాటు ఉంటే ముందు అది తీసెయ్యండి, అసలు అవమానం గుడిలో కంటే అక్కడే ఎక్కువ జరుగుతుంది.

ప్రశ్న: సంఘం లెక్కలు అడిగితే ‘దైవజనుణ్ణి తీర్పు తీరుస్తావా, అభిషేకించినవారిని ముట్టకూడదు’ అంటున్నారు. లెక్క అడగడం తీర్పు తీర్చడమా?

జవాబు: కాదు. కీర్తన 105:15లోని ఆ మాట పరాయి దేశాల్లో తిరిగిన అబ్రాహాము ఇస్సాకు యాకోబులకు హాని చేయకుండా దేవుడు రాజులను గద్దించిన సందర్భం. దానికీ రసీదు పుస్తకానికీ సంబంధం లేదు. పౌలు యెరూషలేము బీదలకు చందా పంపేటప్పుడు, ఎవరూ తప్పు మోపకుండా ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని తనతో వేరేవాళ్ళను పెట్టుకున్నాడు (2 కొరింథీయులు 8:20-21).

కానీ అడిగే తీరు ఉంది. ‘డబ్బులేమయ్యాయి’ అని కూటంలో లేచి అడిగితే అది నేరారోపణే, కోశాధికారి పరువు అక్కడే పోతుంది, లెక్క సరిగ్గా ఉన్నా సరే. 1 తిమోతి 5:19 ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ తీసుకోవద్దంటుంది. ముందు కోశాధికారి దగ్గరికి ఒక్కరే వెళ్ళి పాస్‌బుక్కు, రసీదు పుస్తకం కలిపి చూద్దామనండి. చాలాసార్లు తేడా దొంగతనం వల్ల రాదు. పెట్రోలుకో సమాధి ఖర్చుకో కానుకల పెట్టెలోంచే ఇచ్చేసి రాసుకోకపోవడం వల్ల వస్తుంది. చూపించనంటేనే ఇంకొకరిని వెంట తీసుకెళ్ళండి.

పద్ధతి మార్చమని మాత్రం కూటంలోనే అడగండి, అందులో ఎవరి పేరూ ఉండదు. ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కలిసి గుడిలోనే కానుకలు లెక్కపెట్టాలి. నోట్లు, చిల్లర విడివిడిగా అక్కడే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకు తెరవగానే మొత్తం కట్టెయ్యాలి, ఖర్చులకు విడిగా తీసుకోవాలి. నెల మొదటి ఆదివారం జమ, ఖర్చు, నిల్వ మూడూ నోటీసు బోర్డు మీద ఉండాలి. చాలా సంఘాల్లో ఇది రెండు మూడు నెలలు సాగి ఆగిపోతుంది, లెక్కపెట్టే ఇద్దరిలో ఒకరు ఊరెళ్ళడంతో. అందుకని ఇద్దరు కాదు, నలుగురి పేర్లు వంతులవారీగా రాసి అదే బోర్డు మీద అంటించండి.